విండ్రషు నదికి ఈవల, ఆవల

ఇంగ్లండు దేశమున కాట్స్‌వోల్డు అను తక్కువయెత్తు కొండలలో బుట్టి, బర్ఫర్డు, విట్నీ పట్టణముల ప్రక్కగా బాఱి, న్యూబ్రిడ్జి యను చోట థేమ్సులో గలియు చిన్న నది యొకటి కలదు. దాని పేరు విండ్రషు. గోదావరి గట్టున బెరిగిన మావంటివారు దానిని నది యనుటకు కొంచెము జంకుదురు. మన డెల్టాలోని పెద్దకాలువలు దానికంటె వెడల్పుగా నుండును. ఐనను చిన్నదని తీసివేయరాదు. విట్నీ కంబళ్ళ పరిశ్రమ కొన్ని శతాబ్దములపాటు ఈ నీటిమీదనే బ్రదికెను. నేసిన ఉన్నిగుడ్డను తడిపి, దంచి, దట్టము చేయు మరలను త్రిప్పినది యీ నదియే. ఆ కంబళ్ళు హడ్సన్ బే కంపెనీవారి యోడలపై కెనడా మంచుసీమలకు బోయెడివి. కడపటి మిల్లు 2002వ సంవత్సరమున మూతపడెను. నదికిప్పుడు పని లేదు, ఊరక పాఱుచున్నది.

మేము ఆక్సుఫర్డునందు కొన్నిదినములుండి, ఒక వేసవి మధ్యాహ్నమున విట్నీకి బస్సులో బోయి, అక్కడినుండి క్రాలీ యను పల్లెమీదుగా పొలముల కాలిబాట బట్టి మిన్‌స్టర్ లవెల్ గ్రామమునకు నడచితిమి. ఇంచుమించు మూడుమైళ్ళ నడక. అక్కడి వేసవియెండ మన మాఘమాసపు ఉదయమువంటిది గాన బడలిక యేమియు దోచలేదు. దారిలో మమ్ము బలుకరించినవారు లేరు. ఆవులు మాత్రము తలలెత్తి చూచి మరల మేతలో బడినవి. మలుపొకటి తిరుగగానే చెట్లసందున పైకప్పులేని యెత్తైన గోడలు కానవచ్చినవి.

అవి లవెల్ ప్రభువుల మందిరపు శిథిలములు. ఫ్రాన్సు యుద్ధములనుండి తిరిగివచ్చిన విలియం లవెల్ అను ప్రభువు 1430వ సంవత్సరము దాటిన పిమ్మట దీనిని గట్టించెను. మూడువైపుల కట్టడములు, నాలుగవవైపున నదికెదురుగా ప్రాకారము, నడుమ విశాలమైన ముంగిలి – ఇది నాటి యేర్పాటు. నేడు మిగిలినవి నట్టనడిమి కొలువుకూటపు గోడలు, దానికి ముందున్న వాకిటి మంటపము, నైరృతిమూలను నీటియంచున నిలిచిన బురుజు. కొలువుకూటమున బచ్చిక మొలచినది. కిటికీలకు అద్దములు లేవు. వానినుండి మబ్బులు కానవచ్చును. తలుపు లేదు, కావలివాడు లేడు, రుసుము లేదు. ప్రభువుల యనుమతి లేనిదే యడుగిడరాని యా చావడిలో ఇద్దఱు పిల్లలు కుక్కపిల్లతో బరుగులిడుచుండిరి.

ఆవరణమునకు వెలుపల గుండ్రని పావురాలగూ డొకటి కలదు. మందిరము కూలినను అది యింకను కప్పుతోసహా నిలిచియున్నది. చూడ ముచ్చటగా నుండును. కాని పావురములను బెంచుట యా కాలమున భూస్వాముల కొక ప్రత్యేకాధికారము. పావురములు మేయునది చుట్టుప్రక్కల రైతుల గింజలు. పావురముల మాంసము చేరునది ప్రభువుల పళ్లెరములకు. రైతు వానిని గొట్టరాదు. మందిరమును జూచి మెచ్చుకొనువారు ఈ గూటిని గూడ నొక నిమిషము తేఱిపాఱ జూడవలెను.

ప్రక్కనే సెయింట్ కెనెల్మ్ పేర నున్న దేవాలయము. దానిని గూడ నా విలియం ప్రభువే తిరిగి కట్టించెనందురు. లోపల తెల్లని మెత్తరాతితో జెక్కిన వీరుని ప్రతిమ యొకటి శయనించియున్నది. అది విలియముదో, ఆతని కుమారుడు జానుదో పండితులు తేల్చలేదు.

ఈ గోడలకు బేరు దెచ్చినవాడు విలియం మనుమడు ఫ్రాన్సిస్ లవెల్. షేక్స్‌పియరు మహాకవి రచించిన మూడవ రిచర్డు నాటకమున నీ పేరు కలదు గాన, ఆంగ్లసాహిత్యము చదివినవారికి బరిచితుడే. తండ్రి చనిపోవునప్పటికి ఫ్రాన్సిస్ చిన్నబాలుడు. పదియేండ్ల ప్రాయముననే ఆతనికి ఫిట్జ్‌హ్యూ ప్రభువుల కన్య యానుతో వివాహము జరిగెను. ఆమె యంతకంటె జిన్నది. బాల్యవివాహము మన దేశమునకు మాత్రమే పట్టిన తెగులని వాదించు మిత్రులు ఈ సంగతిని గమనింతురు గాక. ధనవంతుడైన యనాథబాలుని సంరక్షణాధికారము అక్కడ కొనుగోలు వస్తువు. ఆ బాలుని పెండ్లి యా కొనుగోలులో నొక భాగము.

ఫ్రాన్సిస్ బాల్యమున వార్విక్ ప్రభువు నింట బెరిగెను. తరువాత మూడవ రిచర్డుగా సింహాసన మెక్కిన రాజకుమారుడును ఆ యింటనే పెరిగినవాడు. ఆ స్నేహము కడవఱకు నిలిచెను. 1483లో రిచర్డు రాజయ్యెను. లవెల్‌కు రాజమందిరపు పెద్ద యుద్యోగము లభించెను. ఆ వేసవిలోనే రాజు స్వయముగా నీ మందిరమునకు విడిదికి వచ్చెను. మఱుసటియేట లండనులో నొకడు రాజును పందిగను, లవెల్‌ను కుక్కగను, మఱియిద్దఱు మంత్రులను పిల్లిగను ఎలుకగను హేళనచేయు పద్యము వ్రాసి యంటించెను. వాని పేరు కాలింగ్‌బోర్న్. రాజద్రోహ మారోపించి వానిని జంపించిరి; శత్రువుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెనన్న నేరము గూడ నుండెను గాని, జనులు మాత్రము పద్యము వ్రాసినందులకే చంపిరని నేటికిని చెప్పుకొందురు.

1485 ఆగష్టులో బాస్వర్తు యుద్ధభూమిలో రిచర్డు హతుడయ్యెను. ఏడవ హెన్రీ రాజై లవెల్ ఆస్తి నంతయు జప్తుచేసి, ఈ మందిరమును తన పినతండ్రి జాస్పర్ ట్యూడరున కిచ్చెను. లవెల్ లోబడక, సముద్రము దాటి, సైన్యము గూర్చుకొని, 1487 జూన్ 16వ తేదీన స్టోక్ యను చోట మరల బోరి యోడెను. గుఱ్ఱముతో ట్రెంటునదిలో నీదుచుండగా జూచిరట. ఆ మీద నాతనిని జూచినట్లు నిశ్చయముగా జెప్పినవా డొక్కడును లేడు.

ఇక్కడినుండి చరిత్ర చాలించి, కథ యందుకొనును. 1708వ సంవత్సరమున ఈ మందిరమున పొగగూడు కొత్తగా గట్టుటకు త్రవ్వగా నొక నేలమాళిగ బయటపడినదట. అందు నొక మనుష్యుని కంకాళము బల్లయెదుట గూర్చుండియున్నదట. ముందు పుస్తకము, కాగితము, కలము. గాలి సోకగానే సర్వమును ధూళియై రాలిపోయినదట. తాళముచెవి యొద్దనుంచుకొని రహస్యముగా నన్నము బెట్టుచుండిన నమ్మినబంటు హఠాత్తుగా జనిపోగా, ప్రభువు లోపలనే యాకలితో మరణించెనని జనులు దీనికి వ్యాఖ్యానము చెప్పుదురు. క్రొత్తపెండ్లికూతురు దాగుడుమూతలాటలో పెద్దపెట్టెలో దాగి, మూత పడి, ఊపిరాడక చచ్చెనను మఱియొక కథను గూడ నీ యింటికే యంటగట్టిరి. దానిని తమదని చెప్పుకొను ఇండ్లు ఇంగ్లండులో మఱికొన్ని కలవు.

కథ చక్కనిదే. కాని విచారింపుడు. 1708లో జరిగినదనిన సంగతి లేఖలో వ్రాతకెక్కినది 1737లో. ఫ్రాన్సిస్ బేకన్ 1622లో వెలువరించిన ఏడవ హెన్రీ చరిత్రలోనే, లవెల్ గుహలోనో నేలమాళిగలోనో చాలకాలము జీవించెనను వదంతి పేర్కొనబడియున్నది. వదంతి ముందు, కంకాళము వెనుక! పైగా 1487 నాటికి ఈ యిల్లు రాజుయొక్క పినతండ్రిది. ప్రాణభీతితో దాగువాడు శత్రువు నింటి నేలక్రిందనా దాగును? అట్టి మాళిగ నేటివఱకు నెవ్వరికిని గానరాలేదు. మఱి 1488 జూన్‌లో స్కాట్లండు రాజు లవెల్‌కు తన దేశమున సంచరించుట కభయపత్ర మిచ్చినట్లు మాత్రము వ్రాతమూలకమైన సాక్ష్యము కలదు. అతడక్కడికి జేరెనో లేదో దానివలన దేలదు.

మా మనస్సును బట్టుకొన్నది కంకాళము గాదు. పాస్టన్ కుటుంబమువారి ప్రసిద్ధమైన లేఖలలో ఆను తల్లి వ్రాసిన జాబొకటి దొరకినది. బాస్వర్తు తరువాతి యా కలతదినములలో, తన కూతురు భర్తకొఱకు మిక్కిలి ప్రాధేయపడుచు బ్రయత్నములు చేయుచున్నదనియు, ఆతని జాడ దెలిసికొన నుత్తరదేశమునకు బోయిన మనిషి యేమియు దెలియక తిరిగివచ్చెననియు నామె తెలుపుచున్నది. 1489లో రాజు ఆనుకు సాలుకు ఇరువది పౌనుల భరణము మంజూరుచేసెను. చిన్ననాడే పెండ్లియైనది; బిడ్డలు లేరు; భర్త యున్నాడో లేడో తెలియదు; పుట్టినింటి దయ, శత్రువైన రాజు పెట్టు భరణము – ఇవి యామెకు మిగిలినవి. బల్లయెదుట గూర్చున్న కంకాళమును వర్ణించినవారు వందలకొలది. ఈ యిల్లాలి కొఱకు కథ యల్లినవారిని మే మెఱుగము.

17వ శతాబ్ది యారంభమున ఈ మందిరము సర్ ఎడ్వర్డు కోక్ అను సుప్రసిద్ధ న్యాయవేత్త కొనెను. ఆతని వంశీయులు నార్ఫోకులో హోకమ్ అను గొప్ప సౌధము గట్టుకొని, 1747 ప్రాంతమున దీని కప్పు విప్పించి, రాళ్ళు తీయించిరి. తరువాత ఇది పశువుల కొట్టము, ధాన్యపుగాదె. 1930 దాటినపిమ్మట ప్రభుత్వము దీనిని సంరక్షణలోనికి దీసికొని, చెత్త తొలగించి, పచ్చిక పఱపించెను.

శిథిలములు దాటి గ్రామవీథిలో నడచితిమి. గడ్డికప్పు ఇండ్లు, నలుగు చాయరాతిగోడలు, గుమ్మములకు గులాబీతీగెలు. వీథి చివర పూర్వకాలపు సత్రము, దానిదగ్గఱ యిరుకైన రాతివంతెన. చూడవచ్చినవా రిక్కడనే తేనీరు ద్రావి మరలిపోవుదురు. మేము వంతెన దాటి యావలియొడ్డున మిట్టయెక్కితిమి. బాట యిరుప్రక్కల ఒంటియంతస్తు ఇండ్లు వరుసగా, కాని దూరదూరముగా కానవచ్చినవి. ఈ చోటికి చార్టర్‌విల్ అని పేరు. మేము నిజముగా జూడగోరి వచ్చిన దిదియే.

1838లో ఇంగ్లండు శ్రామికులు ఆఱు కోరికలతో నొక ప్రజాశాసనమును బ్రకటించిరి. వయోజనులగు పురుషులందఱకు వోటు, రహస్యముగా వోటు వేయు పద్ధతి, సభ్యత్వమునకు ఆస్తి నిబంధన లేకుండుట, సభ్యులకు జీతము, సమానమైన నియోజకవర్గములు, ఏటేట పార్లమెంటు ఎన్నిక – ఇవియే యవి. దీని ననుసరించినవారు చార్టిస్టులు. 1842లో ముప్పదిలక్షలకు మించిన సంతకములతో నర్జీ పెట్టగా పార్లమెంటు త్రోసివేసెను. స్త్రీల మాట యా యాఱింటిలో లేదు. మన రాజ్యాంగము 1950లో స్త్రీపురుషుల కొక్కసారిగ నిచ్చిన హక్కును ఆ దేశపు స్త్రీలు పురుషులతో సమానముగా బొందినది 1928లో.

చార్టిస్టు నాయకులలో ఫియర్గస్ ఓకానర్ అను ఐరిష్ పెద్దమనిషి కొక యూహ పుట్టెను: మిల్లుకూలీ భూమికి యజమానియైనచో కడుపు నిండును, ఆస్తినిబట్టి వచ్చు వోటును దక్కును. అందుకొఱకు భూమికంపెనీ స్థాపించెను. వారమునకు గొన్నిపెన్నీల చొప్పున చెల్లించినవారు డెబ్బదివేలకు బైగా నుండిరి. ఆ సొమ్ముతో ఐదుచోట్ల భూములు కొనిరి. 1847లో మిన్‌స్టర్ లవెల్ వద్ద కొన్నవి సుమారు మున్నూ ఱెకరములు. డెబ్బదియెనిమిది యిండ్లు, ఒక బడి కట్టించిరి. ఒక్కొక్క యింటికి రెండు, మూడు, లేక నాలు గెకరముల నేల. ఇండ్లన్నియు నొకే తీరు: ముందువైపు మూడు గదులు, నడిమిదానిపై ముక్కోణపు చూరు. ఎవరికేది దక్కవలెనో చీట్లువేసి నిర్ణయించిరి. మగ్గముల హోరులో బుట్టిపెరిగిన సంసారములు 1848లో నీ మిట్టమీదికి వచ్చి తమ తలుపు తాము తీసికొని లోపలికి బోయినవి. లవెల్ మందిరమున నెన్ని పట్టాభిషేకపు విందులు జరిగినను, ఆ దినమునకు సాటిరావని మాకు దోచినది.

తరువాతి సంగతి సంతోషకరము గాదు. నేల పలుచన, రాళ్ళమయము; నేతగాని చేతికి పార క్రొత్త. ఐదు స్థలములందును గలిపి భూమి దక్కినది ఇంచుమించు ఇన్నూటయేబదిమందికే. లెక్కలు క్రమముగా లేవని 1848లో పార్లమెంటు విచారణసంఘము తేల్చెను. కాని మోసము లేదనియు, కంపెనీయే ఓకానరునకు ఋణపడియున్నదనియు నా సంఘమే చెప్పెను. చార్టర్‌విల్ నేలమీద అప్పిచ్చినవారు 1850లో దావావేసి చాలమందిని వెడలగొట్టిరి. 1851లో కంపెనీ శాసనమువలన రద్దయ్యెను. ఓకానరుకు మతి చలించి 1855లో మరణించెను. ఐనను ఆఱు కోరికలలో ఏటేటి యెన్నిక దక్క తక్కినవన్నియు నిప్పు డా దేశపు శాసనములే.

మేము విద్యార్థులకు రిచర్డు నాటకము పలుమాఱులు బోధించితిమి. పిల్లి, ఎలుక, కుక్కల పద్యపు సంగతి చెప్పి నవ్వించితిమి. చార్టిస్టుల పేరైనను మా నోట వారు వినలేదు. ఈ తప్పు పాఠ్యపుస్తకమువారిమీదికి నెట్టుట సులభమే కాని, నెట్టము.

ఇండ్లలో జాల భాగము మాఱిపోయినవి. గదులు చేర్చిరి, కప్పులు మార్చిరి, ముందు కార్లు నిలిపిరి. ఒకచోట పెరటిలో వృద్ధు డొకడు బంగాళాదుంపలు త్రవ్వుచుండగా మేము గోడయొద్ద నిలిచి, ఇది పూర్వపు చార్టిస్టుల యిల్లేనా యని యడిగితిమి. ఆయన పార యానించి, ముందున్న మూడుగదులు మాత్రమే యానాటివనియు, వెనుకవి తాను చేర్చినవనియు జెప్పెను. ఈ యిల్లు మొదట నెవరికి వచ్చినదో తెలియునా యంటిమి. "చీటిలో వచ్చినదట. ఎవరో నేతపనివారు. రెండేండ్లయిన నుండలే" దని చెప్పి, మఱల దుంపలలో బడెను. అప్పటికి మా బస్సు మిట్టమీద గానవచ్చుచుండెను.