మిత్రభేదమున నక్క గెలుపు

చెన్నపురిలోని వాషర్‌మెన్‌పేటను తెలుగువారు చాకలిపేట యందురు. కుంఫిణీవారి నూలుబట్టలను చలువచేసిన రజకుల వలన ఆ పేరు కలిగినది. బట్టకు మరక యెట్లో కథకు దుష్టత్వమట్లని తలచుట సులభము, ఉతికిన పోవును. పంచతంత్రమున నట్లు లేదు. అందలి నక్క రజకుని యింట నీలిబానలో పడి, ఆ రంగుతో అడవికి రాజయ్యెను. తోడినక్కల కూత విని తానును కూసి చచ్చెను. చెడుగును పట్టియిచ్చినది రంగు కాదు, గొంతు.

1853లో చెన్నపురిలోనే వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో ఈ పోలిక మఱింత నిశితము. మిత్రభేదమున పింగళకుడను సింహమునకు, సంజీవకుడను ఎద్దునకు గల చెలిమిని దమనకుడను నక్క కోఱలతో చీల్చలేదు. ఎద్దు కొమ్ములు చాచి వచ్చునని సింహమునకును, సింహము తోక నిక్కించి చూచునని ఎద్దునకును ముందుగనే చెప్పెను. వెఱపుతో ఎద్దు నిలిచిన తీరే సింహమునకు సాక్ష్యమయ్యెను. ఎద్దు చచ్చెను, దమనకునకు దండన లేదు. నీతి నేర్పు పుస్తకమున నిది లోపమని కొందఱకు తోచవచ్చును. కాని బడిపిల్లలు భయపడవలసినది కోఱలకు కాదు, హితవువలె వినబడు మాటకని సూరి యెఱుగును. కనుకనే కథను దిద్దలేదు. మిత్రభేదముతోనే ఆయన ఆగెను. విగ్రహమును, సంధిని కందుకూరి వీరేశలింగము తరువాత వ్రాసెను.