కూలి ఆగిన రోజులు: చుండూరు నుంచి పదిహేనో నిబంధన దాకా

తెనాలిలో ఒక రైసుమిల్లు కాలిపోతే యజమానికి ఇన్సూరెన్సు వుంటుంది, బ్యాంకులో పలుకుబడి వుంటుంది. ఆర్నెల్లు తిరక్కుండా మిల్లు మళ్లీ ఆడుతుంది. కూలివాడికి పని ఆగితే యేమవుతుంది? మన చరిత్రకారులు యీ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు.

1977 నవంబరు 19 తుఫానునే తీసుకుందాం. బాపట్లలో ఒక చర్చి కూలి, అందులో తలదాచుకున్న వందమంది దాకా చనిపోయారు. శవాలనైనా లెక్కపెట్టారు. రేపల్లె వైపు నోటిమాట కౌలుకి సాగుచేసుకునే మనిషి మాత్రం యే లెక్కలోకీ రాడు. పొలం కాయితంలో యెవరి పేరుంటే పంట నష్టం వారిదే. కౌలుదార్లకు కార్డులిచ్చే చట్టం 2011లో గానీ రాలేదు. 2019లో వచ్చిన చట్టమేమో భూయజమాని సంతకం వుండాలంది!

తుఫాను కులం చూసి రాదంటారు. కులం చూసి వచ్చే విపత్తు ఒకటుంది, అది వెలి. చుండూరులో 1991 జులైలో సినిమాహాల్లో కాలు తగిలిందనే గొడవతో మొదలై, మాలపల్లెకు పొలం పనులు ఆపేశారు, కౌళ్లు ఆపేశారు. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, యెనిమిది మందిని చంపారు. బతికినవాళ్లు తెనాలి చేరి శిబిరాల్లో వున్నారు. చనిపోయినవాళ్లను మాత్రం తెచ్చి సొంత వూళ్లోనే పాతిపెట్టుకున్నారు. ఆ చోటే రక్తక్షేత్రం.

ఆ నెల రోజులూ చుండూరు యెలా నిలబడింది? మా దృష్టిలో అసలు చరిత్ర యిక్కడే వుంది. వూరు మద్రాసు రైలు మార్గం మీద వుంది. మాలపల్లెలో చదువుకున్నవాళ్లు, రైల్వే వుద్యోగులు చాలామందే వున్నారు. ఆ జీతం భూస్వామి చేతిలో లేదు. వెలి వేసినా ఒకటో తారీఖు వస్తుంది, జీతం వస్తుంది. 1985 జులై 17న ఆరుగురు మాదిగలను పోగొట్టుకున్న కారంచేడుకు యీ ఆసరా లేదు. బతుకంతా దొరల చేలమీదే. అందుకే వాళ్లు తిరిగి వెళ్లబోమని చీరాలలోనే స్థిరపడ్డారు. అది భయంతో చేసిన పనని కొందరు రాశారు గానీ, మేము ఒప్పుకోం. కొట్టిన చెయ్యే కూలి కూడా పెట్టేచోటికి వెళ్లకూడదనుకోవడం ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

యిది ఆంధ్రాలో పుట్టిన జబ్బేమీ కాదు. బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్టే కమిటీ 1930లోనే వెలిని ఆయుధంగా గుర్తించింది. ఆ కమిటీలో అంబేద్కర్ సభ్యుడు. బర్మాలో 1922లో వచ్చిన బహిష్కరణ నిరోధక చట్టాన్ని చూపించి, అలాంటిదే మనకీ కావాలని ఆయన రౌండ్‌టేబుల్ సమావేశం ముందు పెట్టాడు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో మాత్రం ఆర్థిక వెలి నేరాల జాబితాకెక్కలేదు. అంటే, చుండూరులో పని ఆపిన నెలంతా ఆ చట్టం దృష్టిలో నేరం జరగనట్టే! 2015 సవరణ దాన్ని నేరం చేసింది. అది అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న.

యీ మధ్యలో 1995 నిబంధనలు వచ్చాయి. వాటిలో పదిహేనోది ప్రతి రాష్ట్రమూ ముందస్తు ప్రణాళిక రాసి గెజిట్‌లో ప్రకటించాలంటుంది. తక్షణ సాయం, సాగుభూమి, యింటిస్థలం, కుటుంబంలో ఒకరికి వుద్యోగం, వితంతువులకు పింఛను, తాగునీరు, శ్మశానానికి దారి — అన్నీ అందులో వుండాలి. యే శాఖ యేం చెయ్యాలో కూడా రాయాలి. మిల్లు యజమాని తనకోసం రాసుకునేలాంటి కాయితం పల్లెకోసం రాయమన్నది యిదొక్కటే. కార్యకర్తలు దీన్ని అడగడం తక్కువ. కేసుల వెంట తిరగడంలోనే కాలం గడిచిపోతోంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

2016 నిబంధనల ప్రకారం వెలికి గురైన బాధితుడికి లక్ష రూపాయలివ్వాలి. యెప్పుడు? ఛార్జిషీటు కోర్టుకి పంపాక. ఛార్జిషీటుకి గడువు అరవై రోజులు. చుండూరులో సినిమాహాలు గొడవకీ హత్యలకీ మధ్య వున్నది దాదాపు నెల.