వెలుగునకు పూర్వరంగము

గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ పుట్టిన తేదీ యేది యని యడుగువారికి 2000వ సంవత్సరపు నమోదుపత్రమును జూపుట సులభమే. ముఖ్యమంత్రి యధ్యక్షతన నాడు అది వెలసినమాట యథార్థము. కాని దాని పునాదులు అంతకు చాల ముందే, నెల్లూరు జిల్లాలోని రాత్రిబడులలో, పగలెల్ల కూలిచేసి రాత్రి పలక పట్టిన స్త్రీలచే వేయబడెను.

సారా దుకాణమును మూయించిన స్త్రీల కథను అక్షరాస్యతా వాచకములో చదివి, దూబగుంట రోశమ్మ మున్నగువారు తమ యూర నాపనికే పూనుకొనగా, ఆ కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధమునకు దారితీసెను. పిమ్మట రోజున కొక రూపాయి చొప్పున దాచుకొను ‘పొదుపులక్ష్మి’ సంఘములు ఊరూర బయలుదేరినవి. ఎవరియింట జబ్బున్నదో, ఎవరికి విత్తనముల కక్కర గలదో కూడి విచారించి, తమ సొమ్మును తామే యప్పిచ్చుకొని, పుస్తకములో వ్రాయించుకొని, తీర్చనివారిని తామే నిలదీయగలిగిన ఆ కూటమి, వడ్డీవ్యాపారి గడప దప్ప వేరు గతి యెరుగని యిల్లాండ్రకు ఎంతటి ధైర్యము నిచ్చెనో! దాచిన రూపాయికంటె ఆ కూర్చుండుటయే మిన్న యని నా యభిప్రాయము.

అంతకుముందే డ్వాక్రా పథకము సంఘములను నెలకొల్పినను, వానిని ఒకదానితో నొకటి ముడివేయు తీరు కొరవడెను. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగరు జిల్లాలలో మొదలైన ప్రయత్నము ఆ కొరత దీర్చెను. ఓర్వకల్లువంటి మెట్టసీమలలో పదిమంది, పదునైదుమంది స్త్రీల సంఘములు గ్రామ సమాఖ్యగను, గ్రామ సమాఖ్యలు మండల సమాఖ్యగను కూడినవి. ఆ యేటనే వెలువడిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, ప్రభుత్వపు పెత్తనము లేక సమాఖ్యలు తమ కాళ్ళపై నిలుచుటకు వీలు కల్పించెను. ఈ చట్టపు మేలును మనము తగినంతగా స్మరింపకున్నాము.

ఇంతటి యనుభవము కూడినపిదపనే, ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో, శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు ఆరు జిల్లాలలో ఆ సంస్థ నడపిన ‘వెలుగు’ పథకము ఆరంభమయ్యెను. నిరుపేద లెవరన్నది కచ్చేరిలో గాక ఊరినడుమ, అందరి యెదుట తేల్చిరి. 2003లో మరి పదునారు జిల్లాలు చేరినవి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషను ఈ పద్ధతినే చాలవరకు గైకొనగా, తెలుగునాట సంఘములు నడపిన స్త్రీలు బీహారు, రాజస్థానము వంటి చోట్లకు వెడలి, అచటి పల్లెపడుచులకు సంఘముల నడక నేర్పిరి.