కట్టడము కాదు, కూటమి

చర్చి యనిన తోడనే మన కన్నులకు గట్టునది కట్టడము: శిఖరముపై శిలువ, గంట, బారులు దీర్చిన బల్లలు. కాని తెలుగు బైబిలులో నీ యర్థమున వాడబడిన మాట సంఘము. క్రొత్తనిబంధన కర్తలు వాడిన గ్రీకుపదము ఎక్లేసియా. గ్రీకుపురములలో పౌరులు పిలుపునందుకొని యొకచోట గూడిన సభకు బేరది. ఆ మాటలో ఱాయి లేదు, సున్నము లేదు; మనుష్యులే కలరు. డేరాలు కుట్టి జీవించిన అకుల, ప్రిస్కిల్ల యను దంపతుల యింట గూడినవారినే పౌలు సంఘమని పేర్కొనెను. సిరియాదేశమున దూరా యూరోపసు త్రవ్వకములలో బయల్పడిన మూడవ శతాబ్దపు ప్రార్థనాస్థలము సయితము, కొలదిగా మార్చి కట్టుకొన్న నివాసగృహమే.

ఈ భేదమునకు నిదర్శనము దూరదేశములలో వెదక నక్కఱలేదు. ఖమ్మము సీమకును భద్రాచలపు టడవులకును నడుమ, గోదావరి యొడ్డున, దుమ్ముగూడెము కలదు. 2016 మొదలు ఇది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. గోదావరిని మధ్యభారతమువఱకు పడవలదారిగా జేసి, అచ్చటి ప్రత్తిని సముద్రమునకు జేర్పవలెనని సర్ ఆర్థర్ కాటను సంకల్పించెను. నదిలోని ఱాతిమెట్టలు పడవలకు అడ్డుగా నుండుటచే దుమ్ముగూడెముకడ ఆనకట్టయు, కాలువయు, లాకులును గట్టిరి. ఆ పనులు నడపిన ఇంజనీరులలో హెయిగు దొర యొకడు. ఆయన ప్రోద్బలమున 1860 ప్రాంతమున ఇచ్చట క్రైస్తవ ప్రచారము మొదలయ్యెను. సర్కారు కొలువులో నుండగా క్రైస్తవుడైన వేంకటరామరాజుగారు ఆ కొలువు విడిచి, కోయలనడుమ నీ పనికి బూనుకొనిరి.

1871లో ప్రభుత్వము ఎగువగోదావరి పడవదారి పథకమును విడిచిపెట్టెను. ఱాతిపని యే కార్యమునకై పుట్టెనో ఆ కార్యము నెఱవేఱలేదు. మనుష్యులను గూర్చిన పని మాత్రము నిలిచినది. పిమ్మట దుమ్ముగూడెమున బనిచేసిన జాన్ కెయిను కోయల యాచారములను గూర్చి 1876లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియకముందే లూకా సువార్త కోయభాషలో వెలువడెను. తన యింటిమాటలో మొఱపెట్టుకొన వీలులేని కూటమి యెవనికిని దనది కాజాలదు గదా!

ఇచ్చట మేము పాఠకుల దృష్టికి దేదలచిన సంగతి యొకటి కలదు. కోయపల్లెకు సంఘమనునది క్రొత్త గాదు. విత్తనముల పండుగ ఊరందఱిది. తగవు దీర్చుట పెద్దలది. అట్టి పల్లెలో క్రొత్త మతమును స్వీకరించువాడు ఒక కూటమిని గోల్పోవు వెఱపుతో వచ్చువాడు. వానికి గావలసినది ఆదివారమున గంటసేపు కూర్చుండుటకు నీడ మాత్రమే గాదు. జ్వరము వచ్చిన రాత్రి తట్టదగిన తలుపు, కూతురి పెండ్లికి వచ్చు చుట్టము, శవమును మోయు నాలుగు భుజములు గావలెను. ఇవి దొరకనినాడు ఎంత యెత్తైన గోడలును ఆ లోటును దీర్పజాలవు. కోయల యాటపాటలను, తల్లిభాషను వదలుకొనుటయే విశ్వాసమని బోధించినచోట, సంఘమును నిర్మించుటకు మాఱుగా విచ్ఛిన్నము చేసినట్లే యగును.

ఈ సీమకు సమీపముననున్న డోర్నకలుకు 1912లో వేదనాయకం శామ్యూలు అజరయ్య బిషప్పుగా నభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన మొదటి భారతీయుడాయన. డోర్నకలు ప్రధానదేవాలయ ప్రతిష్ఠ 1939 జనవరిలో గాని జరుగలేదు. ఈ యిరువదియాఱేండ్లలో సంఘము పల్లెలలో, ముఖ్యముగా మాల మాదిగ వాడలలో, పెరుగుచునే యుండెను. మొదట మనుష్యులు, పిదప మండపము. మతమునుబట్టి ప్రత్యేక నియోజకవర్గము లేర్పఱచుటకును ఆయన సమ్మతింపలేదు. సంఘమనగా వోట్ల లెక్క గాదని యాయన భావముగా మాకు దోచుచున్నది. వేర్వేఱు శాఖల క్రైస్తవు లైక్యమై దక్షిణ ఇండియా సంఘముగా 1947 సెప్టెంబరు 27న నేర్పడిరి. అందుకై పాటుపడిన అజరయ్య అంతకుముందే, 1945 జనవరి 1న, పరమపదించెను.

మేము క్రైస్తవసిద్ధాంతమును సమర్థించుటకు గాని ఖండించుటకు గాని పూనుకొనలేదు. ఆ సంఘమువారు ఒక్క రొట్టెను విఱిచి పంచుకొందురు. బల్లయొద్ద నిట్లు పంచుకొన్నవారు ఇంటికి బోయి, ఒకరి పంక్తిని మఱియొకరు భుజింపరేని, కులము జూచి వియ్యమందుదురేని, చచ్చినవారికి సయితము వేర్వేఱు నేలలు గోరుదురేని, వారిది కట్టడమే గాని సంఘము గాదు. ఇది పరమతమువారిపై మేము మోపు నింద గాదు. వారి గ్రంథము వారికి బెట్టిన పరీక్షయే.

ఆ పరీక్ష వారికొక్కరికేనా? అదే గోదావరి దిగువను, రాజమహేంద్రవరమున, 1878లో వీరేశలింగముగారు సంఘసంస్కరణ సమాజమును స్థాపించిరి. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహము జరిగినపుడు, సభలలో జప్పట్లు కొట్టినవారెందఱు, వెలికి వెఱవక విందునకు వచ్చి కూర్చున్నవారెందఱు అన్నదే ప్రశ్న. విందునకు వచ్చినవారే సమాజము. మన సమాజములకును, మందిరములకును, గ్రంథాలయములకును గట్టడములు గట్టుకొంటిమి, మంచిదే. కాని అర్ధరాత్రమున నొక దిక్కులేని మనిషి వచ్చి తలుపు తట్టినచో, లోపలినుండి పలుకువారు కలరా యని మనలను మన మడిగికొనవలసియున్నది.