జీడి మరక నుంచి టీషర్టు ముద్ర దాకా

ఉద్దానంలో జీడిమామిడి పండు తిన్న పిల్లలు ఆ సంగతి ఇంట్లో దాచలేరు. చొక్కా చెప్పేస్తుంది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా, ఎండలో ఎన్నాళ్లు ఆరేసినా ఆ గోధుమరంగు మరక పోదు. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు పిక్క తొక్కలోని నూనెకు నల్లబడి పొక్కుతాయి. ఇంత మొండి మరకను మనవాళ్లు ఊరికే వదల్లేదు, పనిలో పెట్టారు. అయితే దానికి వాడింది ఈ జీడిమామిడిని కాదు. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి ఈ చెట్టును తేకముందే మన కొండల్లో దీని చుట్టం నల్లజీడి ఉంది. ఆయుర్వేదం భల్లాతకం అనేది దీన్నే.

ఊరి బట్టలన్నీ ఒకే చాకిరేవులో తడిసేవి. ఏ పంచె ఏ ఇంటిదో తెలియాలి. రజకులు నల్లజీడి పిక్కను సూదితో పొడిచి, దానికంటిన రసంతో పంచె అంచునో, రవిక మెడ లోపలో చుక్కలు, గీతలు, అడ్డగీతలు పెట్టేవారు. ఇంటికో గుర్తు. దాని మీద తడి సున్నం రాస్తే లేత గోధుమరంగు రసం కాటుక నలుపుకు తిరిగేది. ఆ తర్వాత ఉబ్బ వేసినా, బండకేసి బాదినా చెక్కుచెదిరేది కాదు. పంచె చిరిగి పాతగుడ్డయినా గుర్తు మిగిలే ఉండేది.

కిటుకంతా సున్నంలో ఉంది. రసంలోని ఫినాల్ జాతి పదార్థాలు సున్నపు క్షారం తగలగానే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, నూలు పోగులోనే గట్టిపడి నల్లబడతాయి. అంటే ఆ నలుపు బట్ట మీద పూసింది కాదు, బట్టలోనే పుట్టింది. గుడ్డ మీద ముద్ర వేసే విద్య చరిత్ర ఎక్కడ తిరగేసినా ఎక్కువగా ఈ రెండు దారులే కనిపిస్తాయి: రంగును పైన పూయడం, లోపల పుట్టించడం. మన తీరం రెండోదాంట్లో ఆరితేరింది.

నల్లజీడికి ఒక గట్టి దోషం ఉంది. ఒంటికి పడకపోతే దద్దుర్లు, పుండ్లు లేపుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశానికొచ్చిన అమెరికా సైనికులు చాలామందికి మెడ మీద, నడుము దగ్గర దద్దుర్లు లేచాయి. చివరికి దొరికిన కారణం కాలర్ లోపలి చాకిరేవు గుర్తు. 1943లో అమెరికా వైద్యసంఘం పత్రికలోనే డాక్టర్లు దీని గురించి రాశారు.

ఒంటికి హాని లేకుండా బట్టలోనే నలుపు పుట్టించే దారి ఇదే తీరంలో దక్షిణాన, మచిలీపట్నం కలంకారీ అద్దకంలో ఉంది. నూలుగుడ్డను ముందు కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో చాలా రోజులు ఊరబెట్టి, ఆ నీటిని టేకు అచ్చుతో గుడ్డ మీద అద్దుతారు. కరక్కాయ టానిన్, ఇనుము కలిసిన చోటల్లా నల్లటి గీత లేస్తుంది. ఎరుపు కావాలంటే పటిక అద్ది, తర్వాత ఎర్రరంగిచ్చే వేళ్లతో కలిపి కాస్తారు. పటిక ఉన్నచోటే రంగు పట్టి నిలుస్తుంది.

ఈ గుట్టు కోసం ఐరోపా తహతహలాడింది. మన అద్దకపు గుడ్డల దెబ్బకు తమ నేతగాళ్లు చితికిపోతున్నారని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ కూడా 1721లో చట్టం చేసింది. తెలుగు నేర్చిన ఫ్రెంచి జెస్యూట్ గురువు కూర్దూ, కొత్తగా క్రైస్తవంలో చేరిన అద్దకపు పనివాళ్లను అడిగి, అంచెలంచెలుగా మొత్తం పద్ధతిని 1742లో ఉత్తరంగా రాసి పంపాడు. చెప్పిన పనివాళ్ల పేర్లు చరిత్రకెక్కలేదు. నాకిది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1783లో థామస్ బెల్ అద్దకపు రోలరుకు పేటెంటు తీసుకున్నాక, చేతి అచ్చుకు రోజులు పట్టే పని యంత్రానికి గంటల్లో అయిపోయింది.

టీషర్టు మాత్రం మొదటి దారి, అంటే రంగును పైన పూసే దారి పట్టింది. మాంచెస్టర్‌లో శామ్యూల్ సైమన్ 1907లో పట్టుగుడ్డ తెర గుండా రంగు దింపే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతికి పేటెంటు పొందాడు. 1913 నాటికి అమెరికా నావికులకు లోదుస్తుగా ఇచ్చిన పొట్టిచేతుల బనీను, కొన్నాళ్లకు పైబట్టగా మారింది. ప్లాస్టిసాల్ సిరా వచ్చాక రెండూ జతకూడాయి. అది నూనెలాంటి ద్రవంలో తేలే పీవీసీ పొడి. సుమారు 160 డిగ్రీల వేడికి పొరలా గట్టిపడుతుంది. చవక, తేలిక, రంగు దట్టం. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకు కుర్రాళ్లు వేయించుకునే అమ్మవారి బొమ్మ టీషర్టయినా, క్రికెట్ జట్టు పేరయినా ఎక్కువగా ఇలా పైన పూసిందే. ఉతికేకొద్దీ పగుళ్లిచ్చి రాలిపోతుంది.

దీనికి విరుగుడు డిశ్చార్జ్ ముద్రణ. నల్లటి టీషర్టు మీద రంగు వేయరు. ఉన్న అద్దకాన్నే రసాయనంతో చెరిపేసి, బొమ్మను లోపలి నుంచి తేలుస్తారు. తడిమితే చేతికి గుడ్డే తగులుతుంది. నా ఉద్దేశంలో స్క్రీన్ ప్రింటింగ్‌లో అన్నిటికన్నా అందమైన పని అది.

బట్టలోనే ముద్ర పుట్టించడానికి మన దగ్గర అంగడి రసాయనాలు కూడా అక్కర్లేదు. సీతంపేట కొండల గిరిజనులు కరక్కాయలు ఏరుతూనే ఉన్నారు. తుప్పు ఇనుము ఏ షెడ్డులోనైనా దొరుకుతుంది. కరక్కాయ పట్టించిన తెల్లటి నూలు టీషర్టు మీద, జిగురు కలిపి చిక్కబరచిన ఇనుప నీటిని అదే స్క్రీన్‌తో దింపవచ్చు. జాగ్రత్తలు రెండు. పాలిస్టర్ మీద ఇది పట్టదు. ఇనుము పాలు ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీతల వెంటే గుడ్డ చివుకుతుంది. పాత కలంకారీ గుడ్డల్లో నలుపున్న చోట చిరుగులు కనిపించేది అందుకే. కాబట్టి ఇనుప నీటిని పలచన చేసి, ముందు ఒక పాత బనీను మీద దింపి చూడాలి. నలుపు చాలకపోతే ఇనుము పెంచకండి, గుడ్డను కరక్కాయ కషాయంలో ఇంకోసారి ముంచండి.