వెళ్ళొస్తాను అన్న మాటకు రుజువు

మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు ఎవరూ "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఎవరైనా నోరుజారి "వెళ్తున్నా" అంటే అమ్మమ్మలు అక్కడే ఆపి "వెళ్ళొస్తాననాలి" అని దిద్దేవాళ్ళు. పోవడంలోనే రావడాన్ని కూడా కలిపి చెప్పడం మనకు అలవాటు. పరాయి దేశంలో పెళ్ళికి వెళ్ళాలంటే మాత్రం ఈ మాట చాలదు. అందులో "వస్తాను" అన్న సగానికి రుజువు కావాలి. విజిటర్ వీసా అంటే స్థూలంగా అదే. అక్కచెల్లెళ్ళ పిల్లలూ అన్నదమ్ముల పిల్లలూ అమెరికాలోనే పెరిగి అక్కడే పీటల మీద కూర్చుంటున్న రోజులివి. ఈ రుజువు అడగడం ఎప్పుడు మొదలైంది, ఆడవాళ్ళను ఎలా అడుగుతూ వచ్చారు అన్నది మనమూ తెలుసుకోవాలి.

పాత తెలుగులో రాదారి అనే మాట ఉండేది. పారశీకం నుంచి వచ్చింది. దారిలో కట్టే సుంకాన్నీ, దారి వదలమని ఇచ్చే చీటీనీ అలా పిలిచేవారు. ఇప్పుడు రహదారి అంటే పెద్ద రోడ్డే. చీటీ అన్న అర్థాన్ని మరిచిపోయాం. వీసా అన్న మాట లాటిన్‌ది. "చూసిన కాగితం" అని దాని మూలార్థం. అధికారి చూశాడు, సరే అన్నాడు, అంతే.

1914కి ముందు యూరప్‌లో చాలా దేశాల మధ్య పాస్‌పోర్ట్ లేకుండానే జనం తిరిగేవారు. మనకు అప్పట్లో అడ్డు వచ్చింది కాగితం కన్నా కులం. 1888లో గాంధీ ఇంగ్లండ్‌కి చదువుకోవడానికి బయల్దేరితే బొంబాయిలో కులపెద్దలు ఆయన్ని వెలివేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గూఢచారుల భయంతో ప్రభుత్వాలు సరిహద్దుల్లో కాగితాలు అడగడం మొదలుపెట్టాయి. యుద్ధం ముగిసినా అడగడం ఆగలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి, పాస్‌పోర్ట్ 32 పేజీల పుస్తకంగా అన్ని దేశాల్లో ఒకేలా ఉండాలని సిఫారసు చేసింది. ఆ రోజుల్లో చాలా దేశాల్లో పెళ్ళైన స్త్రీ భర్త పాస్‌పోర్ట్‌లోనే ఒక వివరంగా ఉండేది. భర్త ఫోటో, దాని దగ్గర భార్య ఫోటో, పిల్లల పేర్లకు కొంత చోటు. ఆ పుస్తకంతో ఆయన ఒక్కడే వెళ్ళగలడు. ఆమె ఒక్కతే వెళ్ళలేదు.

అమెరికా 1917 చట్టంతో మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసలు నిషేధించింది. 1924 చట్టం ఇంకో మార్పు తెచ్చింది. అంతకుముందు ఓడ దిగాక పరీక్ష చేసేవారు. ఇక మీదట బయల్దేరే దేశంలోనే కాన్సల్ దగ్గర వీసా తెచ్చుకోవాలన్నారు. మనం ఇవాళ కాన్సులేట్ ముందు కట్టే క్యూకి మూలం అక్కడుంది. అయితే ఆ చట్టమే చూడ్డానికి కొద్దికాలం వచ్చేవాళ్ళను వలస వచ్చేవాళ్ళ నుంచి వేరు చేసి చెప్పింది.

ఆ చట్టానికి ఒక్క ఏడాది ముందు, 1923లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పైచదువులకు బోస్టన్ చేరారు. ప్రపంచానికి గొప్ప మందులిచ్చారు. 1948లో న్యూయార్క్‌లో పోయారు. ఈ పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన రాకపోవడానికి చట్టాలే కారణమని నేను అనను. కానీ మనవాళ్ళకు ఏడాదికి 100 మంది చొప్పున వలసకు తలుపు తీసింది 1946లో. అప్పటికి ఆయనకు మిగిలింది రెండేళ్ళే. వెళ్ళినవాళ్ళు రావడం, ఉన్నవాళ్ళు చూసిరావడం అంత కష్టంగా ఉన్న కాలం అది.

ఇప్పుడు మన చేతికి వచ్చే తిరస్కరణ కాగితం మీద కనిపించే 214(బి) అన్న అంకె 1952 నాటి అమెరికా చట్టంలోది. కొన్ని ఉద్యోగ వీసాలను మినహాయిస్తే, వీసా అడిగిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టే అధికారి భావించాలి. కాదని మనం ఒప్పించాలి. ఒప్పించలేకపోతే అప్పీలు లేదు. మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ అడగడమే. అదే చట్టం విజిటర్ అంటే ఎవరో కూడా చెప్పింది. స్వదేశంలో ఇల్లుండి, ఆ ఇంటిని విడిచిపెట్టే ఉద్దేశం లేకుండా, కొద్దికాలానికి వచ్చే మనిషి.

ఈ నిర్వచనం చదివినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. విడిచిపెట్టే ఉద్దేశం లేని ఇల్లు! ఊరికి వెళ్తే పాలవాడికి చెప్పి, గ్యాస్ కట్టేసి, మొక్కలకు నీళ్ళు పక్కింటావిడకు అప్పగించి, రెండో రోజుకే ఇల్లెలా ఉందోనని బెంగపడే గృహిణి కంటే ఈ నిర్వచనానికి సరిపోయేదెవరు? కానీ చూపించమంటే ఆమె దగ్గర ఏముంది? జీతం స్లిప్ లేదు, సెలవు మంజూరు ఉత్తరం లేదు, చాలా ఇళ్ళల్లో స్థలం కాగితం మీద ఆమె పేరూ లేదు. అప్లికేషన్‌లో ఉద్యోగం దగ్గర ఎంచుకోవడానికి హోమ్‌మేకర్ అన్న మాట ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక ఉన్న బాధ్యతలు ఏ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ కనపడవు.

ఈ అనుమానం ఒక్క అమెరికాదే కాదు. బ్రిటన్‌లో ఇంకా దారుణం జరిగింది. 1979 జనవరిలో ముప్పై అయిదేళ్ళ ఒక భారతీయ టీచర్ పెళ్ళి చేసుకోవడానికి లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగింది. కాబోయే భర్త అక్కడే ఉన్నాడు. ఆమెకు ముందే పెళ్ళయిందేమో, అబద్ధం చెబుతోందేమో అని అధికారులకు అనుమానం వచ్చి కన్యత్వ పరీక్ష చేయించారు. పత్రికలో వార్త రాగానే గగ్గోలు లేచి ఆ పద్ధతి మానేశారు. మాటను నమ్మకపోవడం ఎంత దూరం వెళ్తుందో ఆ ఆడమనిషి అనుభవం చెబుతుంది. 1986లో బ్రిటన్ మన దేశం నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా ముందే వీసా తెచ్చుకోవాలంది.

మన దేశంలో పాస్‌పోర్ట్ కూడా ఒకప్పుడు ప్రభుత్వం దయతలిస్తే ఇచ్చేదే. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, ఆ ఏడాదే పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. పెళ్ళి సర్టిఫికెట్ ఇవ్వనక్కరలేదని, విడిపోయిన స్త్రీ భర్త పేరు రాయనక్కరలేదని నిబంధనలు సడలించడానికి 2016 డిసెంబర్ దాకా పట్టింది.

అమెరికా 1965లో చట్టం మార్చాక మన డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్ళారు, తర్వాత సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్ళారు. వాళ్ళ వెనక పురుళ్ళు పోయడానికి అమ్మలు బయల్దేరారు. వీసా కోసం తెల్లవారేసరికి మద్రాసు కాన్సులేట్ దగ్గర ఉండేలా రాత్రి రైలెక్కిన కుటుంబాలు ఎన్నో. 2008లో హైదరాబాద్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. చిలుకూరు బాలాజీ వీసా బాలాజీ అయ్యాడు. ముందు పదకొండు ప్రదక్షిణలు, పని అయ్యాక నూట ఎనిమిది.

పెళ్ళి విషయంలో ఇంకో చిక్కుంది. మనకు పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చేది మేనమామ. ఆడపడుచు లేకుండా కొన్ని తంతులు జరగవు. వీసా అప్లికేషన్‌కి అదంతా తెలీదు. అక్కడున్న తల్లిదండ్రులు, భర్త, పిల్లలు, తోబుట్టువుల గురించి విడిగా అడుగుతుంది. మేనకోడలు "ఇతర బంధువులు" అన్న గీత కింద అవును, కాదు అనే జవాబుగా మిగిలిపోతుంది. ముహూర్తం ఆగదు, ఇంటర్వ్యూ తేదీ దొరకదు. 2022 చివర్లో కొన్ని కాన్సులేట్లలో తొలిసారి విజిటర్ వీసా ఇంటర్వ్యూకి తొమ్మిది వందల రోజులు దాటి ఎదురుచూడాల్సి వచ్చింది. అంటే నిశ్చితార్థానికి అప్లై చేస్తే బారసాలకు చేరతామన్నమాట.

ఈ చరిత్ర తెలిస్తే ఒక ఉపయోగం ఉంది. చాలామంది శుభలేఖనూ, అల్లుడి జీతం కాగితాలనూ, ఆహ్వాన ఉత్తరాన్నీ నమ్ముకుని వెళ్తారు. శుభలేఖ ఎందుకు వెళ్తున్నామో చెబుతుంది. ఎందుకు తిరిగొస్తామో చెప్పదు. ఆహ్వాన ఉత్తరం తప్పనిసరి కాదని, అక్కడి బంధువుల హామీ కన్నా ఇక్కడి మన ఇల్లూ బంధాలే చూస్తామని అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. కాబట్టి ఎవరెవరు మన మీద ఆధారపడి ఉన్నారు, పిల్లల చదువు ఎక్కడిదాకా వచ్చింది, అత్తగారిని ఎవరు చూసుకుంటారు, పెళ్ళయ్యాక ఎన్నాళ్ళకు వస్తాం, ఇవి రెండు మూడు వాక్యాల్లో ఉన్నదున్నట్టు చెప్పడం వచ్చి ఉండాలి. హైదరాబాద్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

"ఏం చేస్తుంటారు?" అని అడిగితే మనలో చాలామంది "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటాం. ఆ కిటికీ ముందు ఆ మాట అనకండి. ఇల్లు చూసుకుంటానని చెప్పండి. ఆ చట్టం అడిగేది కూడా ఇంటి గురించే.