కొల్లేటి మార్పు

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ, ఏలూరునకు దక్షిణముగా, బుడమేరు, తమ్మిలేరు మున్నగు వాగుల నీటిని తనలో నింపుకొని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు సాగనంపు కొల్లేరు, వలనే నమ్ముకొనిన వడ్డి కులమువారికి తరతరములుగా అన్నపాత్రయై యుండెను. ఆనాటి బుట్టలో కొరమీను, ఇంగిలాయి, జెల్లలతోపాటు మార్పు అను నల్లని మీసాల చేపయు నుండెడిది. నీరింకినను బురదలో ఊపిరి నిలుపుకొని, తొలకరితో వరిమడులలోని క్రొత్తనీటికి ఎదురెక్కి గ్రుడ్లు పెట్టుట దాని స్వభావము.

1970ల నడుమ సహకార సంఘముల పేర మొదలైన చేపల చెరువులు క్రమముగా ధనవంతుల చేతికి పోయి సరస్సును గట్లతో ముక్కలు చేయగా, 1990ల తొలినాళ్లలో బంగ్లాదేశ్ మీదుగా అనుమతి లేకయే దేశమున అడుగిడిన ఆఫ్రికా క్యాట్ ఫిష్, కోళ్ల వ్యర్థములు మేసియు శీఘ్రముగా బలియు గుణముచేత, లాభాపేక్షగల రైతులను ఆకర్షించెను. కేంద్రప్రభుత్వము 2000లో దాని పెంపకమును నిషేధించినను, చాటుమాటు సేద్యము ఆగలేదు. వరదకు గట్టు తెగిన ప్రతిసారియు ఇట్టి చేప కాలువ చేరి, చిన్న చేపలను, వాటి గ్రుడ్లను భక్షించు ప్రమాదము కలదు.

1999లో అభయారణ్యమై, 2002లో చిత్తడినేలలకిచ్చు అంతర్జాతీయ రామ్‌సర్ గౌరవమునందిన ఈ సరస్సున 2006లో చెరువుగట్లను కూల్చిరి. కాని గట్టు కూల్చినంత సులభముగా నీటిలో కలిసిన జాతిని ఏరివేయజాలము. నాటు మార్పు నేడు అంతర్జాతీయముగా అపాయస్థితిలోనున్న జాతి. మార్పు అరుదగుటయే కొల్లేట వచ్చిన పెద్ద మార్పు.